మూడో వరుస

బస్సు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆగగానే ప్రొఫెసరు గారు లేచి నిలబడ్డారు.

"ఇక్కణ్ణించి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. మన వల్ల ఒక్క ప్రాణం కూడా పోకూడదు."

ఎమ్మెస్సీ జువాలజీ పిల్లలకు ఆయన సంగతి తెలుసు. డిపార్టుమెంటులో ఇథైల్ అసిటేట్ వేసి పురుగుల్ని చంపే సీసాలను బీరువాలో పెట్టించి తాళం వేయించింది ఆయనే. పురుగును వలతో పట్టాలి, ఫోటో తీయాలి, వదిలేయాలి. పెట్టెలోకి చచ్చి దొరికినవే ఎక్కాలి. ఆ మేరకే అటవీశాఖ దగ్గర అనుమతి తెచ్చారు.

ప్రతి పురుగు కింద చీటీ ఉండాలి. చీటీలో మూడు వరుసలు: దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు.

"సీనియర్ల పెట్టెలో సరుకు తెచ్చి మీ పేరు వేసుకుంటే సున్నా. పురుగు ఎవరి పుణ్యాన దొరికిందో మూడో వరుసలో వాళ్ళ పేరే ఉండాలి."

రాత్రి దోమలపెంటలో తెల్లదుప్పటి కట్టి, మెర్క్యురీ దీపం పెట్టారు. పురుగులు వచ్చి వాలాయి. ఫోటోలు తీశారు. తెల్లారకముందే దీపం ఆర్పి అన్నిటినీ పోనిచ్చారు. మర్నాడంతా తిరిగితే చీమలు తినగా మిగిలిన పేడపురుగొకటి, తూనీగ రెక్కొకటి దొరికాయి.

తిరుగు ప్రయాణానికి రాత్రి ఏడున్నరయింది. తొమ్మిదికి మన్ననూరులో గేటు వేసేస్తారు. పొద్దున్నే ప్రొఫెసరు గారికి హైదరాబాదులో మీటింగు. డ్రైవరు బోర్డులో ఉన్నట్టే ముప్ఫై దాటనివ్వడం లేదు.

"వాన వెలిసింది సార్. ఉసిళ్ళు లేచాయి. పురుగులన్నీ లైట్ల మీదికే వస్తున్నాయి. మెల్లగా పోదాం."

"గేటు పడితే పొద్దున దాకా ఇక్కడే. నేను చెప్తున్నాగా, తొక్కు."

డ్రైవరు తొక్కాడు. తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా గేటు దాటారు.

అవతల టీకొట్టు ముందు బస్సాపి డ్రైవరు బకెట్‌తో నీళ్ళు తెచ్చాడు. వెనక బెంచీ అమ్మాయి ఒకతె అడ్డం వెళ్ళింది.

"ఉండన్నా, ఇప్పుడే కడగొద్దు."

సెల్‌ఫోన్ లైటు వేసి చూసింది. అద్దం మీద ఉసిళ్ళ రెక్కలు అట్టకట్టాయి. రేడియేటర్ జాలీలో కొమ్ముపురుగులు, మిడతలు, గొల్లభామలు ఇరుక్కుని ఉన్నాయి. ఒక మూల ఆకుపచ్చ హాక్‌మాత్, ఒక రెక్క నలిగి, రెండోది చెక్కుచెదరకుండా. అన్నీ చచ్చే ఉన్నాయి. చిమటాతో ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసుకుంది.

ప్రాక్టికల్స్ రోజు ఆమె పెట్టె తెరిచి ప్రొఫెసరు గారు ముచ్చటపడ్డారు. కొమ్ముపురుగుకు సూది కుడి రెక్కతొడుగు మీదే దిగింది. మిడత కాళ్ళు సమంగా సర్ది ఉన్నాయి. మిగతా పిల్లల్ని పిలిచి చూపించారు. తర్వాత భూతద్దం తీసుకుని చీటీలు చదివారు.

మొదటి వరుస: దోమలపెంట–మన్ననూరు రోడ్డు. రెండో వరుసలో తేదీ.

మూడో వరుసలో, పెట్టెలో ఉన్న ప్రతి పురుగు కిందా, ఆయన పేరే ఉంది.