తేలిక సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "బ్రష్షు పిడి కోసినవానికి బరువు లేదు, బరువు లేనివానికి చేప దక్కును." (అమెరికాలోని యోసెమిటీ కొండల్లో చేపలవేటకు బయల్దేరే ముందురాత్రి, సంచి బరువు తగ్గించడానికి పళ్ల బ్రష్షు పిడి కోసేసి, త్రాసు పక్కన కూర్చుని మా బావ ప్రవచించినది.)

ప్రతిపదార్థం: బ్రష్షు, చేప: స్పష్టము. బరువు లేదు: అనగా తన సంచిలో లేదు. "బరువు బావమరిదిది" అని పాఠాంతరము. నా ప్రతిలో అదే ఉన్నది, అదే సాధుపాఠము.

టీక: మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన మెదకు సీమవాడు; ఎలుగుబంటి డబ్బా మోసి ఎరగడు. యోసెమిటీ అడవిలో రాత్రి బస చేసేవాళ్లు తిండినంతా ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టి తీరాలి. కిలో తూగే ఆ డబ్బా, పిడి కోసిన మహానుభావుడి సంచిలో ఎందుకుండదన్నది పూర్వపక్షము. సిద్ధాంతము: "ఒరేయ్, నీది పెద్ద సంచి కదరా!"

ఇక పాకప్రకరణము. అక్కడ 9,600 అడుగులు దాటితే కట్టెల మంట నిషిద్ధము. గ్యాసు పొయ్యే గతి. 3,000 మీటర్ల ఎత్తున నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు కుతకుతలాడుతూనే ఉంటుంది, పలుకు మాత్రం విడవదు. ఈలోగా గ్యాసు అయిపోతుంది. కుక్కరుంటే ఉడికేది. కుక్కరు సూత్రవిరుద్ధము.

ఇచ్చట కుచేలుని స్మరింపవలసి ఉన్నది. ఈ శాస్త్రానికి ఆద్యుడాయన. ఉత్తరీయపు చెంగున అటుకులు ముడివేసుకుని ద్వారకకు నడిచాడు. పొయ్యి లేదు, గిన్నె లేదు. అటుకుల మహిమ అంతింత కాదు. వడ్లు నానబెట్టి, వేయించి, దంచడంలోనే సగం వంట అయిపోయింది. మిగతా సగానికి చన్నీళ్లు చాలు. మందపాటివే తీసుకోవాలి, పల్చటివి ముద్దయిపోతాయి. వేయించిన పల్లీలు, ఎండుమిరప, కరివేపాకు, ఉప్పు, పసుపు ఇంట్లోనే కలిపి పొట్లం కట్టుకుంటే, కొండ మీద నిమ్మకాయ పిండుకోవడమే పని. వేడినీళ్లు దొరికితే భాగ్యం, దొరక్కపోతే నష్టమేమీ లేదు. అన్నిటినీ మించి, కుచేలుడు తన మూట తూకం ఎవరికీ చెప్పలేదు. మోసుకెళ్లింది నేస్తం కోసమే కూడా.

ఎక్కడున్నాం? చేప. దక్కింది, కాదనను. జానెడు ట్రౌటు. పల్చటి అల్యూమినియం పెనం తెస్తానంటే బావ "బరువు" అన్నాడు గనక, చెంబంత టైటానియం గిన్నెలో దాన్ని వంచి కుక్కాడు. టైటానియం తేలికే గానీ వేడిని పరచదు. ఆ గుణంలో అల్యూమినియానికి పదో వంతు. మంట తగిలినచోట నడుము బొగ్గయింది, తలా తోకా పచ్చిగా మిగిలాయి. నూనె నాది. ఉప్పు నాది. "ఇంకాస్త కారం తెచ్చుండాల్సిందిరా" అన్నమాట బావది.

తాత్పర్యం: గిన్నె తోమడాన్ని గురించి మూలంలో ఏమీ లేదు. చెరువులో తోమకూడదు; గట్టుకు 200 అడుగుల దూరంగా తోమాలి. అంత దూరం నీళ్లు మోసుకెళ్లి, మసి గీకి, మళ్లీ నీళ్లకు వెళ్లినవాడు పిడి కోసినవాడు కాడు. అప్పటికి ఆయన గుడారంలో పడుకుని, వచ్చేసారి డేరా మేకులు తగ్గించడమెలాగని ఆలోచిస్తున్నాడు.