కాస్రోల్లో కాస్రోలు

నంద్యాలలో కాస్రోల్ అంటే తినేది కాదు, తినేదాన్ని దాచిపెట్టేది. బయట రంగు ప్లాస్టిక్కు, లోపల స్టీలు గిన్నె, మధ్యలో వేడిని బయటికి పోనీయని పొర. పెళ్లికి ముగ్గురు మేనత్తలు వస్తే మూడు కాస్రోళ్లు వస్తాయి. వాటిలో ఒకటి వాడకానికి దిగుతుంది. రెండోది అటకెక్కుతుంది. మూడోది కాగితం కూడా విప్పకుండా ఇంకెవరి గృహప్రవేశానికో వెళ్లిపోతుంది. అక్కడి నుంచి అది ఎన్ని ఇళ్లు తిరుగుతుందో చెప్పడం కష్టం.

అలాంటి ఊళ్లో ఒక మంగళవారం రాత్రి ఏడున్నరకు, అమెరికాలో డాలస్ నుంచి కూతురు వీడియో కాల్లోకి వచ్చి, "నాయనా, రోజూ ఈ బయటి పరోటాలేంది? బీఫ్ క్యాసరోల్ చేసుకోండి. అరగంటలో అయిపోతుంది" అన్నది. సారు తలెత్తి అటక వైపు చూశాడు.

"దాంట్లో పెట్టేది సరే, ముందు వండేది దేంట్లో పాపా?"

అవతల కాసేపు నవ్వే వినిపించింది.

సారు అంటే ఆళ్లగడ్డ హైస్కూల్లో లెక్కల సారు. కాపురం నంద్యాలలో. భార్య నంద్యాలలోనే నర్సు. ఆస్పత్రిలో అందరూ సిస్టరమ్మ అంటారు, ఇంట్లో సారు కూడా భయం వేసినప్పుడు అదే పిలుపు వాడతాడు. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ దూరం సుమారు 40 కిలోమీటర్లు, పోయే హైవే నంబరూ 40. లెక్కల మనిషి కాబట్టి ఆయనకు ఇందులో ఏదో పొందిక కనిపిస్తుంది, బస్సు దొరకని రోజు తప్ప. ఎర్రగుంట్లకు వేసిన రైలు మార్గం బనగానపల్లె, కోయిలకుంట్ల మీదుగా పోయింది. ఆళ్లగడ్డను పక్కన వదిలేసింది. కాబట్టి బస్సే గతి. శిరివెళ్ల దాటి, పొలాలు దాటి, బస్టాండులో దిగి ఇల్లు చేరేసరికి ఏడు. సిస్టరమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి ఎనిమిది. ఆ గంటలో వంట మొదలుపెట్టాల్సిన మనిషి సాధారణంగా చొక్కా కూడా విప్పకుండా ఫ్యాను కింద కూర్చొని ఉంటాడు. పొద్దున తినాల్సిన ఉగ్గాని రాత్రి తినడం, ఎల్లుండికి కూడా కోడిగుడ్డు పొరుటే అని ఈరోజే తెలిసిపోవడం ఆ ఇంటి వారం నడిచే తీరు.

కూతురు పంపిన వంట కాగితం సారు ప్రశ్నపత్రం చదివినట్టు రెండుసార్లు చదివాడు. గ్రౌండ్ బీఫ్ ఒక పౌండు. పుట్టగొడుగుల సూపు ఒక డబ్బా. ఫ్రీజర్లో గడ్డకట్టిన ఉర్లగడ్డ ముక్కలు ఒక సంచి. చీజ్ ఒక కప్పు. అన్నీ పొరలు పొరలుగా వేసి ఓవెన్‌లో పెట్టాలి. ఐదు వరసల కాగితంలో సారు ఇంట్లో ఉన్న వస్తువు ఒక్కటే: ఉప్పు, రుచికి తగినంత.

నిజానికి ఆ కాగితంలో వంట తక్కువ, కార్ఖానా ఎక్కువ. క్యాంప్‌బెల్ కంపెనీ పుట్టగొడుగుల సూపును డబ్బాలో పోసి అమ్మడం 1934లో మొదలుపెట్టింది. 1955లో న్యూజెర్సీలో అదే కంపెనీ వంటశాలలో పనిచేసే డార్కస్ రైలీ అనే ఆమె, ఆ సూపు డబ్బాను బీన్స్ మీద గుమ్మరించి పైన వేయించిన ఉల్లిపాయలు చల్లే వంటకం తయారుచేసింది. ఇప్పటికీ అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ పండగకు అది లేని బల్ల తక్కువ. ఉర్లగడ్డ ముక్కల కథ ఇంకా ముచ్చటైనది. 1953లో ఓర్-ఐడా అనే కంపెనీవాళ్లు ఫ్రెంచ్ ఫ్రైస్ కోయగా మిగిలిన తుక్కు ఏం చేయాలో తెలియక, దాన్ని సన్నగా తరిగి, ఉండలు చేసి, వేయించి టేటర్ టాట్స్ అని పేరు పెట్టారు. మిన్నెసోటా రాష్ట్రంలో ఖీమా మీద వాటిని వరసగా పేర్చి కాల్చిన దాన్ని హాట్‌డిష్ అంటారు. అక్కడ తిండి పేరు హాట్‌డిష్, ఇక్కడ డబ్బా పేరు హాట్‌బాక్స్. పైగా క్యాసరోల్ అన్న మాట ఫ్రెంచివాళ్ల దగ్గర మొదట గిన్నె పేరే. గిన్నె పేరు కూరకు తర్వాత అంటుకుంది. ఈ లెక్కన నంద్యాల మేనత్తలు ఫ్రెంచివాళ్ల పక్షం. తప్పుదారి పట్టింది అమెరికా.

బుధవారం పొద్దున ఆరున్నరకు సారు మాంసం అంగడి ముందు నిలబడ్డాడు.

"ఏమి సారూ, ఈరోజు ఆదివారమా?" అన్నాడు అంగడి భాయ్.

ఇక్కడ పేర్ల సంగతి కొంచెం చెప్పాలి. ఆళ్లగడ్డ పక్క పల్లెలో సారు చిన్నప్పుడు ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంట్లో ఉడికేది పెద్దకూరే. దానికి ఎవరూ గొంతు తగ్గించేవాళ్లు కాదు. ఉద్యోగం వచ్చి, నంద్యాలలో అద్దె ఇల్లు దొరికాక ఆ మాట శబ్దం తగ్గింది. ఇల్లు ఇచ్చేటప్పుడు కింది వాటాలోని ఓనరు "మీరు తింటారా?" అని మాత్రమే అడిగాడు. "తింటాం" అన్నాడు సారు. ఏది అని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. ఏళ్లుగా ఆ ఒప్పందం చెక్కుచెదరకుండా ఉంది. అంగడిలో కూడా "పెద్దది" అంటే చాలు, లేదంటే భాయ్ భాషలో "బడే కా". ఆవునూ దూడలనూ కోయకూడదని 1977 నాటి రాష్ట్ర చట్టం ఉంది కాబట్టి అక్కడ దొరికేది ఎక్కువగా ఎనుము మాంసం. అమెరికా కాగితంలోని బీఫ్ వేరు, నంద్యాల చేతిసంచిలోని పెద్దకూర వేరు. ఈ తేడా ఎంత దూరం పోతుందో సారుకు సాయంత్రం తెలిసింది.

"ఖీమా ఎట్ల కొట్టమంటావు సారూ? ఉండలకా, కూరకా?"

"క్యాసరోల్‌కు."

భాయ్ కత్తి ఆపి ఆలోచించాడు. "అది ఏ సైజు సారూ?"

సారు దగ్గర జవాబు లేదు. భాయే నడిమి సైజు ఖాయం చేసి, చింతమొద్దు మీద రెండు కత్తులతో వాయించడం మొదలుపెట్టాడు. ఎడమ చెయ్యి దెబ్బా కుడి చెయ్యి దెబ్బా ఎక్కడా కలిసిపోకుండా, రాతి విగ్రహాలు చెక్కే ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుడంత లయగా పడుతున్నాయి. ఖీమా అన్న మాట పుట్టుకే టర్కీ భాషలో సన్నగా తరగడం. మిషను ఖీమా మెత్తగా పేస్టులా వస్తుంది. కత్తి ఖీమాలో పలుకు ఉంటుంది, పంటికి మాంసమని తెలుస్తుంది. ఒకే ఒక్క పని, పది నిమిషాలు. డాలస్‌లో ఇది పాలిథిన్ కింద సిద్ధంగా పడుకొని ఉంటుంది.

సాయంత్రం సారు చొక్కా విప్పి పనిలోకి దిగాడు. ఓవెన్ లేదు కాబట్టి దొడ్డిదారి ఒకటి ఉంది: కేకులు చేసే ఆడవాళ్లందరికీ తెలిసినదే. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి, లోపల గిన్నె పెట్టి మూతేస్తే అది ఓవెన్ వేషం కడుతుంది. వేషం కట్టినంత మాత్రాన పాత్రకు న్యాయం చేస్తుందని నమ్మకం లేదు.

ముందు ఖీమా వేయించాలి. "కారిన కొవ్వును వంపేయండి" అని కాగితంలో ఉంది. సారు ఒక చేత్తో జల్లెడ, ఇంకో చేత్తో గరిట పట్టుకొని కొవ్వు కారడం కోసం నిలబడ్డాడు. కారలేదు. అమెరికా చట్టం గ్రౌండ్ బీఫ్‌లో నూటికి 30 వంతుల దాకా కొవ్వు ఉండనిస్తుంది. అంగట్లో సాధారణంగా 80 వంతులు మాంసం, 20 వంతులు కొవ్వు అని రాసి అమ్ముతారు. పొలం చుట్టూ, చెరువు చుట్టూ తిరిగిన మన ఎనుము దగ్గర అంత నిల్వ ఎక్కడిది? వంపేయడం మాట అటుంచి, మూకుడు అడుగంటుతుంటే సారే రెండు గరిటెల బుడ్డల నూనె పోయాల్సి వచ్చింది.

అంతలో ఫోన్లో ఇంకో హెచ్చరిక: "నాయనా, లోపల 160 డిగ్రీలు రావాల." ఆ దేశం లెక్క ఫారెన్‌హీట్, మన లెక్కలో 71. ముక్క మాంసానికి క్రిములు పైపైనే ఉంటాయి. ఖీమా కొట్టినప్పుడు పైది లోపలికి, లోపలిది పైకి కలిసిపోతుంది కాబట్టి నడిమధ్య దాకా వేడెక్కాలన్నది సరైన మాటే. సారు నవ్వాడు. మే నెల నంద్యాలలో గడప దాటితేనే 45. ఇంకో 26 కలిపితే చాలు, ఆ కలిపేదాన్ని స్టవ్వు చూసుకుంటుంది.

ఉడికించి కోసిన ఉర్లగడ్డలు పైన పేర్చి, సూపుకు బదులు పాలలో పిండి కలిపి పోసి, చీజ్ తురిమి, ఉప్పు కుక్కర్లో పెట్టాడు. అరగంట అయింది. ముప్పావు గంట అయింది. చీజ్ కరిగింది కానీ ఎర్రబడలేదు. ఎర్రబడాలంటే పైనుంచి పొడి వేడి తగలాలి. ఓవెన్‌లో పైనా కిందా వేడి. కుక్కర్లో కింద మంట, లోపల ఆవిరి. పైన పాలిపోయి, కింద మాడి, రెంటికీ మధ్య ఖీమా ఏమీ పట్టనట్టు ఉంది. ఎనిమిదిన్నరకు సిస్టరమ్మ వచ్చి మూత తీసి, చెంచాతో అడుగు గీకి చూసింది.

"రేపు ఆళ్లగడ్డకు ఎట్లాగూ పోతావు గదా. ఇది తీసుకపో. ఉలితో చెక్కి ఇస్తారు."

ఆ రాత్రి పరోటాలే.

గురువారం సాయంత్రం సిస్టరమ్మకు సెలవు దొరికింది, మిగిలిన పావుకిలో ఖీమా ఫ్రీజర్లో ఉంది. ఆమె కాగితం చూడలేదు. పొద్దున బస్సుకు పోతున్న సారుకు ఒక గ్లాసు కొర్రలు చూపించి "నానబెట్టిపో" అన్నది, అంతే. కొర్రలు ఆ ఊరికి పరాయివి కావు. 1906 నాటి నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం సూర్యనంది అని సొంత కొర్ర రకమే తయారుచేసింది. సాయంత్రం కుక్కర్లో నూనె వేడెక్కాక రెండు ఎర్రగడ్డలు, అల్లం తెల్లగడ్డల ముద్ద, పసుపు, కారం. ఖీమా వేసి నీరంతా ఇంకి నూనె తేలేదాకా వేయించింది. గుప్పెడు గోంగూర. కాసిన్ని నీళ్లు పోసి నాలుగు విజిళ్లు. ఎనుము ఖీమాకు పొట్టేలు ఖీమా కంటే రెండు విజిళ్లు ఎక్కువ పట్టాల్సిందే. మూత తీసి, నానిన కొర్రలు వేసి, రెండు గ్లాసుల నీళ్లు పోసి మళ్లీ రెండు విజిళ్లు. ఆవిరి దిగేలోపు చిన్న మూకుట్లో తెల్లగడ్డ చిదిమి, గుప్పెడు బొరుగులు వేయించి, పప్పుల పొడి చల్లి పక్కన పెట్టింది. వడ్డించేటప్పుడు పైన అదీ. కరకరలాడే పైపొర కోసం అమెరికా టేటర్ టాట్స్ దాకా పోయింది. ఉగ్గానికి తెచ్చిన బొరుగులు మిగలడం రాయలసీమ ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే.

సారు గడియారం చూశాడు. 38 నిమిషాలు.

లెక్క అక్కడితో తేల్చేస్తే అన్యాయం. ఆ పప్పుల పొడి, ఆ కారం సిస్టరమ్మ వాళ్లమ్మ ఏప్రిల్లో మిద్దె మీద రెండు రోజులు ఎండలో కూర్చొని ఎండబెట్టి, దంచి, ఐదు డబ్బాల్లో నింపి బస్సులో పంపినవి. ఖీమా కొట్టింది భాయ్. కొర్రలు నానింది సారు బడిలో ఉన్న తొమ్మిది గంటలు. డాలస్ అమ్మాయి అరగంట వెనక మూడు కంపెనీలున్నాయి. నంద్యాల అరగంట వెనక అత్తమ్మ, భాయ్, ఒక గ్లాసు నీళ్లు. అయినా ఆ సంగతి సారు పైకి అనలేదు, ఎందుకంటే గిన్నెలు తోమే వంతు ఎవరిదన్న చర్చ అక్కడి నుంచే మొదలవుతుందని ఆయనకు అనుభవం.

కింది వాటా ఓనరు మెట్ల దగ్గర ఎదురై, "ఏంది సారూ, వాసన బలే ఉంది, గోంగూరా?" అన్నాడు. "గోంగూరే" అన్నాడు సారు. అబద్ధం కాదు.

శుక్రవారం పొద్దున సిస్టరమ్మ అటక మీది నుంచి కాస్రోల్ దింపింది. పెళ్లినాటి స్టిక్కరు ఇంకా ఊడలేదు. మిగిలినదంతా వేడి చేసి అందులో పెట్టి మూతేసి సారు చేతికిచ్చింది. 40వ నంబరు హైవే మీద 40 కిలోమీటర్లు అది సారు ఒళ్లోనే కూర్చుంది. ఆళ్లగడ్డ స్టాఫ్‌రూమ్‌లో మధ్యాహ్నం బల్ల మీద పెడితే తెలుగు సారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఎవరు ఏది తింటారో, ఎవరు కిటికీ వైపు జరుగుతారో ఆ గదిలో అందరికీ తెలుసు.

"కాస్రోల్లో ఏమి తెచ్చినావు?"

"కాస్రోలే."

"అదేనబ్బా. దాంట్లో ఏముందని?"

"కాస్రోల్ అంటున్నా గదా."

తెలుగు సారు ఇంక మాటలు నమ్మలేదు. తనే మూత తిప్పి, ఆవిరి మొహానికి తగలగానే కళ్లు మూసుకొని ఒకసారి పీల్చి, "ఖీమా కొర్రన్నానికి ఇంత గ్రాంధికం ఎందుకప్పా" అంటూ చేతులు కడుక్కోవడానికి లేచాడు.