రెండు వాటాలు, ఒకటే సంపు

బళ్లారి గాంధీనగర్‌లో రెండు వాటాల ఇల్లొకటి అమ్మకానికి వచ్చింది. కింద ఒక సంసారం, పైన ఒక సంసారం, నీళ్లకు ఇద్దరికీ ఒకటే సంపు. బ్రోకరు పొగడ్త వినండి: "తూర్పు వాకిలి సార్, మూల సైటు, కూలగొట్టేకి శానా అనుకూలం!"

ధర మాత్రం గనుల కాలంనాటిదే చెప్పాడు. 2011లో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపమంటే ఖనిజం లారీలు ఆగాయి. గాంధీనగర్ అడుగు రేటుకు ఆ ఉత్తర్వు కాపీ ఇంకా అందినట్టు లేదు.

వాటాలు పంచుకోవడం ఈ ఊరికి కొత్తా? 1953 అక్టోబరు 1న జిల్లానే పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు. 2021లో విజయనగర జిల్లా వేరుపడి హంపిని పట్టుకెళ్లింది. ఇన్ని పంపకాల్లో ఒక్క బ్రోకరుకూ రెండు వైపులా కమీషను ముట్టలేదు, పాపం.

బేరం తెలుగులో, పత్రం కన్నడంలో. పైవాటా అద్దెదారు "మేమెక్కడికి పోవాల?" అన్నాడు.

"ఇక్కడే అపార్ట్‌మెంట్ లేస్తాది, బుక్ చేసుకో. నీ చోటే, ఇంకో మూడంతస్తులు పైన!"