పరగడుపు పిన్నిగారు

తెల్లవారుజామున అయిదున్నరకి మా మూడో అంతస్తులో ఒక ఫోను సుప్రభాతం పాడుతుంది. దేవుడి సంగతి తెలీదు గానీ పిన్నిగారు మాత్రం లేస్తారు. స్టూలు మీద నీళ్ల చెంబు, థైరోనార్మ్ సీసా రాత్రే సిద్ధం. మాత్ర వేసుకుని, గ్లాసెడు నీళ్లు తాగి, "అయిదూ ముప్ఫై రెండు" అని పైకి అంటారు. పక్క మంచం మీంచి బాబాయిగారు "ఊఁ" అనాలి. అనకపోతే ఆ రోజు మాత్ర వేసుకున్నట్టు లెక్కలోకి రాదు.

ఇలాంటివారు ప్రతి అపార్ట్‌మెంట్లోనూ ఒకరుంటారు. అరవై దాటిన వయసు, థైరాయిడ్, చిన్ననాటి ఉబ్బసం, కొడుకు కొనిచ్చిన స్మార్ట్‌ఫోను ఒక్కచోట చేరితే ఇంట్లో కొత్త పంచాంగం వెలుస్తుంది. పిన్నిగారి ఫ్రిజ్ పక్కన వేలాడే క్యాలెండర్లో తిథి, నక్షత్రాల సరసనే పెన్సిలుతో రాసిన సొంత వర్జ్యాలుంటాయి. మాత్రకీ కాఫీకీ గంట. కాల్షియానికైతే నాలుగు గంటలు. ఇంతవరకూ వంక పెట్టలేం. కాఫీ అయినా కాల్షియమైనా ఆ మాత్రని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. కానీ మూడో గీత ఉంది చూశారూ, 'మాత్రకీ ఇన్‌హేలర్‌కీ గంట', అది ఆవిడ స్వయంగా కనిపెట్టింది.

"ఎవరు చెప్పారు పిన్నిగారూ?"

"ఒకరు చెప్పాలేమిటి? పరగడుపంటే పరగడుపే. ఆ గొట్టంలోది మందు కాదూ?"

ఒక జూన్‌లో, మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఉబ్బసానికిచ్చే చేపమందు క్యూలో నిలబడ్డారట. ఆ మందు పనిచేస్తుందని వైద్యశాస్త్రం ఒప్పుకోదు, అది వేరే సంగతి. ప్రాణమున్న కొర్రమీను పిల్లని చూసి జనం దడుచుకుంటుంటే ఈవిడ వాలంటీరుని ఆపి, "బాబూ, థైరాయిడ్ మాత్రకీ చేపకీ ఎంత గ్యాపు?" అని అడిగారు. తీరా చూస్తే ఈవిడ శాకాహారి, పుచ్చుకున్నది బెల్లంలో.

ధనుర్మాసం వస్తే అసలు పరీక్ష. మంచులో ముగ్గేసి వచ్చేసరికి ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. చేతిలో నీలం ఆస్థలిన్, చూపు గడియారం మీద. "పీల్చవే తల్లీ, పీల్చు" అని బాబాయిగారు గోల పెడుతుంటే "ఇంకా... పద్దెనిమిది... నిమిషాలుందండీ" అంటారు. ఊపిరాడనప్పుడు పీల్చడానికే ఉన్న మందుని పక్కన పెట్టుకుని ఆయాసపడటం నిష్ఠ కాదు, మొండితనం.

చివరికి బాబాయిగారే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లారు. ఆవిడ నవ్వి, "అమ్మా, మాత్ర పేగుల్లోకి పోతుంది, పఫ్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండూ దారిలో ఎదురుపడవు. ఆయాసం వస్తే ఆ క్షణమే పీల్చండి" అన్నారు.

"ఎదురుపడకపోయినా, ఒకదాని వెనక ఒకటి పడితేనో?"

డాక్టరమ్మ ఆ ప్రశ్న జోలికి పోకుండా నాలుక చూపించమన్నారు. తెల్లటి పూత. వేడి చేసిందని పిన్నిగారు నెల్లాళ్లుగా సగ్గుబియ్యం జావ తాగుతున్నారు. రోజూ పీల్చే స్టెరాయిడ్ పఫ్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలన్న ఒక్క నియమమే ఆ పంచాంగంలో లేదు!

థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ కూడా పెరిగింది. "కాఫీ గంట ఆగే తాగుతున్నారా?" అంటే పిన్నిగారు ఠీవిగా తలూపారు. బాబాయిగారు దగ్గారు. డికాషన్ చిక్కగా దిగిందో లేదోనని ఆవిడ అయిదూ నలభైకి పాలు పోసి, పంచదార కలిపి, అరగ్లాసు చూస్తారు.

"అది తాగడం కాదండీ, రుచి చూడటం!"

కాఫీతో ఆవిణ్ణి విడదీయలేమని డాక్టరమ్మకి అర్థమైంది. రాత్రి భోజనమయ్యాక కనీసం మూడు గంటలాగి, పడుకునేముందు వేసుకున్నా సరే, ఆరు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేద్దామన్నారు. పిన్నిగారికి కొత్త రాజ్యం దొరికింది. పదింటికి మాత్ర అంటే ఏడింటికల్లా ఇంట్లో కంచాలు కడిగేసి ఉండాలి. ఆ తర్వాత వంటింటికి తాళం.

బాబాయిగారికి థైరాయిడ్ లేదు, ఆకలి ఉంది. రోజూ తొమ్మిదింటికి మా కాలింగ్ బెల్లు మోగుతుంది. "ఏం లేదమ్మాయ్, ఇవాళ్టి పేపరోసారి చూసిస్తా" అని కూర్చుంటారు. నిన్న పేపరు మడత కూడా విప్పకుండానే, "పప్పుచారు ఏమైనా మిగిలిందా?" అన్నారు.