ఏడో తరగతి గదికి తలకిందుల చిట్కాలు

బడి తెరిచేలోపు గది అలంకరించకండి. జూన్ 12న పిల్లలు వచ్చేసరికి గోడలు బోసిగానే ఉండాలి. హెడ్మాస్టరు గారు అడిగితే, పిల్లలు రావాలి కదండీ అని చెప్పండి. సెలవుల్లో మీరు కూర్చుని కత్తిరించిన థర్మోకోల్ అక్షరాలు ఎంత ముచ్చటగా ఉన్నా, పన్నెండేళ్ల వాళ్లకు అవి టీచరు గారివే. తమ చెయ్యి పడిన గోడ జోలికి మాత్రం వాళ్లు ఎవర్నీ రానివ్వరు.

నల్లబల్ల ఉన్న గోడకు ఏమీ తగిలించకండి, అన్నీ వెనక గోడకే. ఫోటోలో పడేది ముందు గోడే కదా అంటారు. పడనివ్వండి, బోసిగానే పడనివ్వండి. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని సైన్సు పాఠాలు గోడల నిండా బొమ్మలున్నప్పుడు, మరికొన్ని ఖాళీ గోడల మధ్య చెప్పించి చూశారు. బొమ్మలున్నప్పుడు పిల్లల ధ్యాస ఎక్కువగా చెదిరింది, నేర్చుకున్నదీ తగ్గింది. మన పిల్లలు వాళ్లకంటే పెద్దవాళ్లే. అయినా గదిని పెళ్లిపందిరిలా ముస్తాబు చేసి, పాఠం వినడం లేదని వాళ్లను కోప్పడటం అన్యాయం.

కొన్న చార్టులు వద్దు. పిల్లలు గీసినవే పెట్టండి, తప్పులతో సహా. ఈ మాటకే నాతో ఎక్కువమంది పేచీ పెట్టుకుంటారు. త్ర్యంబకం నుంచి అంతర్వేది దాకా గోదావరి గీయమంటే, భద్రాచలం దగ్గరికొచ్చేసరికి నీలం స్కెచ్ పెన్ను అయిపోతుంది, అక్కణ్నుంచి నది బాల్ పెన్నుతో సన్నగా సాగుతుంది. ప్రాణహిత ఉత్తరం నుంచి రావాల్సింది దక్షిణం నుంచి వచ్చి కలుస్తుంది. ఎర్ర సిరాతో దిద్దకండి. ఆ పటం అలాగే వేలాడనివ్వండి. అట్లాసు తెరిచి చూసుకున్న వాళ్లు కాళేశ్వరం పక్కన చిన్న చీటీ అంటిస్తారు: ‘ప్రాణహిత ఇటు కాదు, అటు’. మంజీర ఎటువైపు నుంచి వస్తుందో మర్నాటికి ఇంకెవరో చూసుకొస్తారు. అచ్చేసిన పటాన్ని ఎవరూ ఇంత తరచి చూడరు.

మహనీయుల పటాలు వరుసగా కప్పు అంచున పెట్టకండి. నెలకొకరు చాలు, అదీ గదిలో అందరికంటే పొట్టి పిల్ల కళ్ల ఎత్తులో. సెప్టెంబరులో గురజాడను పెట్టండి. 21న ఆయన పుట్టినరోజు. కింద నీతివాక్యం రాయకండి, తెల్ల కాగితం వదలండి. 1892లో ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడినప్పుడు బుచ్చమ్మ వేషం ఎవరు కట్టారని ఏ పిల్లయినా రాస్తే, జవాబు మీకు తెలియకపోయినా ఆ ప్రశ్న చెరపకండి.

టేపు వాడొద్దు. వానాకాలం చెమ్మకు ఊడొస్తుంది, సున్నం పెచ్చులూ దానితోపాటే. రెండు మేకులు, పురికొస, బట్టల క్లిప్పులు చాలు.

అలంకరణ పోటీలకు పేరు ఇవ్వకండి. బహుమతి అనగానే బొమ్మలు బాగా వేసే నలుగురే గోడ దగ్గర మిగులుతారు, తక్కినవాళ్లు జిగురు అందిస్తారు.

దసరా సెలవులకు ముందు మొత్తం దించేసి, ఎవరివి వాళ్లకు ఇంటికి పంపండి. గోదావరి పటం కోసం గొడవ పడితే చీట్లు వేయండి. సెలవుల తర్వాత మళ్లీ బోసి గోడే. ఈసారి కృష్ణ గీయమనండి.