ముందు మేమేనని అన్నాను

రాయదుర్గం కొండమీది కోటను కిటికీలోంచి చూపించి, ఇది మన తాతలు ఏలిన కోట అని పిల్లలకు చెప్పుకుంటూ ఉద్యోగకాలమంతా సాంఘికశాస్త్రం బోధించినవాణ్ణి నేను. మేము బోయలం. విజయనగర రాజులు తమ అధికారిని పంపి లొంగదీసుకునేదాకా ఈ దుర్గం బోయ నాయకుల చేతుల్లో ఉండేదని పాత గెజెటీర్లలోనూ ఉంది. ఆ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు పెద్దదయ్యేది. ఆ గర్వమే నాచేత రెండు తెలివిమాలిన పనులు చేయించింది. చట్టం ఏం చెబుతోందో చదవకుండా మా ఊరి కుర్రాళ్లకు ఆశపెట్టాను. రోజూ నా పక్కన కూర్చుని సద్దిగిన్నె విప్పే మనిషిని పదిమందిలో చిన్నబుచ్చాను. రెండూ 2017 డిసెంబరులోనే.

ఆ నెల మొదట్లో వాల్మీకి బోయలను షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. టీవీలో వార్త రాగానే మా వీధిలో టపాకాయలు కాల్చారు. ఎందుకంత సంబరమో అర్థం కావాలంటే మా సరిహద్దు సంగతి తెలియాలి.

1953 అక్టోబరు 1 దాకా రాయదుర్గం బళ్లారి జిల్లాలో ఒక తాలూకా. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటొచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. గీత గీసినవాళ్లు భాషను చూశారు. మా చుట్టరికాలను ఎవరూ చూడలేదు, చూడాల్సిన పనీ వాళ్లకు లేదు. మొళకాల్మూరులో మా మేనత్త ఇల్లు, సండూరులో మా చిన్నాయన బిడ్డ అత్తగారిల్లు. 1991లో పార్లమెంటు చట్టం చేసి కర్ణాటక ఎస్టీ జాబితాలో నాయక తెగ పక్కన బేడ, బేడర్, వాల్మీకి అన్న పేర్లు చేర్చింది, అక్కడ మావాళ్ల పేర్లవి. 2008 పునర్విభజనలో బళ్లారి లోక్‌సభ స్థానం ఎస్టీలకు రిజర్వయింది. సండూరు, సిరుగుప్ప, కంప్లి, కూడ్లిగి, బళ్లారి గ్రామీణ, మొళకాల్మూరు, చళ్లకెరె అసెంబ్లీ స్థానాలూ అంతే. ఇవతల మేము 1970 నాటి జాబితా ప్రకారం బీసీ-ఏ. ఒకే ఇంటిదేవరకు మొక్కే మేనత్త కొడుకు ఎస్టీ, నేను బీసీ. అతని కూతురికి మెడికల్ సీటొచ్చింది. మా అన్న కూతురికి రాలేదు. ఈ బాధ అబద్ధం కాదు. బోయల పేదరికం గురించి అడిగే హక్కు మాకుందని ఇప్పటికీ అంటాను. నేను తప్పిపోయింది అడిగిన తీరులో.

తీర్మానం వచ్చిన వారంలోనే రచ్చకట్ట దగ్గర కూర్చుని, ఇక సర్టిఫికెట్లు రావడమే ఆలస్యం అని కుర్రాళ్లకు చెప్పాను. సారు చెప్పినాడంటే నిజమే అనుకున్నారు వాళ్లు. ఏడాది తర్వాత పోటీపరీక్షల నోటిఫికేషన్లు వచ్చినప్పుడు, డిగ్రీ చేసి పొలం పనులకు పోతున్న ఒక కుర్రాడు బీసీ-ఏ కింద దరఖాస్తు పెట్టకుండా ఎస్టీ సర్టిఫికెట్ కోసం చూస్తూ కూర్చున్నాడు. గడువు దాటిపోయింది. వాళ్ల నాయన నన్నొక మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

రాజ్యాంగం పాఠం ఏటా చెప్పినవాణ్ణి 342వ అధికరణం తీసి చదివి ఉండాల్సింది. గవర్నరును సంప్రదించి రాష్ట్రపతి ఒకసారి జాబితా ప్రకటించాక, అందులో ఒక పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా పార్లమెంటు చట్టం చేయాల్సిందే. రాష్ట్ర ప్రభుత్వాలకు గానీ కోర్టులకు గానీ దానిమీద చేయిపెట్టే అధికారం లేదని 2000లో మిలింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. శాసనసభ తీర్మానం ఒక విన్నపం మాత్రమే. అది ఢిల్లీ పోవాలి. రిజిస్ట్రార్ జనరల్ సరేననాలి, ఎస్టీ కమిషన్ సరేననాలి, ఆ తర్వాతే బిల్లు. 2023 మార్చిలో శాసనసభ మళ్లీ అదే తీర్మానం చేసింది. మళ్లీ టపాకాయలు కాల్చారు. ఇది రాసేనాటికీ మేము బీసీ-ఏలోనే ఉన్నాం.

రెండో పని గురించి రాయడం కష్టంగా ఉంది.

అదే డిసెంబరులో ఆదిలాబాద్ మండిపోతోంది. లంబాడాలు మా జాబితాలోకి తర్వాత వచ్చినవాళ్లు, మా ఉద్యోగాలూ సీట్లూ వాళ్లకే పోతున్నాయి, వాళ్లను తీసేయండి అని గోండులు, కొలాములు ఉద్యమం చేశారు. ఉట్నూరులో గొడవలయ్యాయి. ఆ పేపరు పట్టుకుని స్టాఫ్‌రూములో కూర్చున్నాను. లంబాడాలను, బంజారాలను మా వైపు సుగాలీలంటాం. మా లెక్కల సారు సుగాలి. కళ్యాణదుర్గం వైపు తండా ఆయనది. నాకన్నా చిన్నవాడు, ఎప్పుడూ నన్ను పేరుతో పిలిచి ఎరగడు.

"చూడబ్బా, గోండులే చెప్తాండారు. మీరు ఉత్తరాది నుంచి ఎద్దులమీద ఉప్పు మోసుకుంటా వచ్చినోళ్లు. మేము ఈ మట్టిలోనే పుట్టినోళ్లం. ముందు మేమే. మీకుండే హక్కు మాకు ల్యాకపోవడమేంది?" అన్నాను.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన సద్దిగిన్నె మూత పెట్టాడు.

"సార్, మా సేవాలాల్ ఇక్కడే గుత్తి కాడ పుట్టినాడు. ఆయప్ప పుట్టి రెండు వందల ఎనభై ఏండ్లు కావస్తాంది. ఎన్ని తరాలైతే మేము ఇక్కడోళ్లమైతామో మీరే చెప్పండి."

నా దగ్గర సమాధానం లేదు. బంజారాల గురువు సేవాలాల్ 1739లో గుత్తి దగ్గర సేవాగఢ్‌లో పుట్టాడని ఇక్కడి సుగాలీల నమ్మకం. కర్ణాటకలోని సూరగొండనకొప్పను చెప్పేవాళ్లూ ఉన్నారు. ఏటా ఫిబ్రవరిలో మహారాష్ట్ర నుంచీ కర్ణాటక నుంచీ బంజారాలు సేవాగఢ్ జాతరకు వస్తారు. అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగిన నేను ఆ జాతరకు ఒక్కసారీ పోలేదు. నా పాఠాల్లో ఆ పేరు ఎన్నడూ రాలేదు. ఉప్పూ ధాన్యమూ మోసి సైన్యాలను బతికించినవాళ్ల చరిత్ర నాకు చరిత్రగా కనపడలేదు, కోట ఒక్కటే కనపడింది.

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. 1965లో లోకూర్ కమిటీ చెప్పిన ఐదు కొలతలే ఇప్పటికీ రిజిస్ట్రార్ జనరల్ వాడుతున్నారు. ఆదిమ లక్షణాలు, ప్రత్యేకమైన సంస్కృతి, విడిగా దూరంగా బతకడం, బయటివాళ్లతో కలవడానికి బెరుకు, వెనకబాటు. ఈ కొలతలు మనుషులను అవమానించేవని నా అభిప్రాయం. పిల్లను బడికి పంపితే, బజారులో ధైర్యంగా బేరమాడితే తెగ కాకుండా పోతారా? అది వేరే కొట్లాట. కానీ ఆ ఐదింటిలో ఎక్కడా ఎవరు ముందొచ్చారన్న ప్రశ్న లేదు. నేను నా ఆయుధమనుకున్న మాటకు ఆ లెక్కలో చోటే లేదు. పైగా కోట ఏలినవాళ్లమని చెప్పుకుంటే మా అర్జీకే చేటు.

సరిహద్దు నన్నొక్కణ్ణే కోసిందనుకోవడం ఇంకో అవివేకం. ఆంధ్రలో సుగాలి ఎస్టీ. తెలంగాణలో లంబాడాలకు ఆ గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది. కర్ణాటకలో అదే బంజారా ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. మా వైపు వానలు తప్పి శెనక్కాయ చేను ఎండినప్పుడు తండాలకు తండాలే బెంగళూరుకు కట్టడాల పనికి పోతాయి. కర్ణాటకలో అడుగుపెట్టగానే వాళ్ల ఎస్టీ కాగితం చెల్లదు. మా మేనత్త కొడుకు సరిహద్దు దాటి ఇటొస్తే అతని ఎస్టీ కాగితమూ చెల్లదు. ఆ లెక్కల సారు, నేను ఒకే గీతకు చెరో వైపునుంచి తగిలి దెబ్బతిన్నవాళ్లం. ఆ మాట కలిసి మాట్లాడుకోవాల్సిన చోట నేను ఆయన మీద పడ్డాను.

ఇంతకూ జాబితాలో ఉన్నందువల్ల ఆయనకు దక్కిందేమిటి? చదువులో, ఉద్యోగంలో రిజర్వేషన్ దక్కింది, అది చిన్నది కాదు. మరి సభలో గొంతు? ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 స్థానాలుంటే ఎస్టీలకు ఏడు. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. రాయలసీమలో ఒక్కటీ లేదు. ఎస్టీల శాతం ఎక్కడ ఎక్కువో అక్కడ స్థానం కేటాయించాలన్నది పునర్విభజన నియమం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 2011 లెక్కల ప్రకారం ఎస్టీలు ఒకటిన్నర లక్ష పైచిలుకు, జనాభాలో నాలుగు శాతానికి కాస్త తక్కువ. 14 నియోజకవర్గాల్లో చెదిరిపోయి ఉన్నారు. చెదిరినవాళ్లకు ఆ నియమం ఏమీ ఇవ్వదు.

రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు ఇక్కడికి రాదు, సీమలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు కాబట్టి. 1996 నాటి పెసా చట్టమూ రాదు, గ్రామసభకు భూమిమీద మాట ఇచ్చేది అదే. గిరిజన సలహా మండలి అని ఒకటుంది, అందులో ఇరవైమందికి మించకూడదు, ముప్పాతిక భాగం ఎస్టీ ఎమ్మెల్యేలు ఉండాలి. సీమలో ఎస్టీ స్థానమే లేనప్పుడు మా లెక్కల సారు తండా గోడు అక్కడ ఎత్తేదెవరు? ఇక మిగిలింది పంచాయతీ. సర్పంచి పదవి వంతులవారీగా ఎప్పుడో ఎస్టీకి వస్తుంది. తండా పెద్దూరికి తోకగా ఉన్నచోట తండా ఓట్లు పెద్దూరి ఓట్లలో కలిసిపోతాయి. బోర్లు ఎండిన ఏడు నీళ్ల ట్యాంకరు ముందు పెద్దూరికే పోతుంది. ఆయన చిన్నప్పుడు ఆ ట్యాంకరు కోసం బిందెల వరసలో నిలబడి బడి మానేసిన రోజులున్నాయని నాకు చాలాకాలం తర్వాత చెప్పాడు. తెలంగాణలో 2018 చట్టంతో తండాలూ గూడేలూ పెద్ద సంఖ్యలో సొంత పంచాయతీలయ్యాయి. మా వైపు తండాలన్నిటికీ అది జరగాలి.

నా సంగతో? 2019లోనూ 2024లోనూ అనంతపురం లోక్‌సభ స్థానంలో గెలిచినవాళ్లు మా కులంవాళ్లే. ఏ రిజర్వేషనూ లేని జనరల్ స్థానంలో. మా సంఖ్య అంత. పార్టీలు మమ్మల్ని లెక్కలోకి తీసుకోకుండా టికెట్లు పంచలేవు. పార్లమెంటులో తన మనిషి కూర్చోగల నేను, పంచాయతీలో కూడా తన మాట నిలవని మనిషిని చూసి ఈర్ష్యపడ్డాను.

2023 తీర్మానం తర్వాత మన్యం గిరిజనులు భగ్గుమన్నారు. బంద్ చేశారు. వాళ్లకు అప్పటికే దెబ్బ తగిలి ఉంది. ఏజెన్సీ బడుల్లో టీచర్ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పుడు మైదానంనుంచి లక్షలమంది జాబితాలోకి వస్తే ఆరు శాతం ఉద్యోగాల్లో మాకేం మిగులుతుందని వాళ్లడిగారు. ఆ భయం ఊహ కాదు. రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా సరే, ఎస్టీ అయితే చాలు, పాడేరులో నామినేషన్ వేయొచ్చు. డబ్బూ బలగమూ ఉన్న సీమ నాయకుడొకడు అక్కడ నిలబడితే ఆపే చట్టం లేదు. వాళ్ల జాబితాలోనూ వాల్మీకులున్నారు, షెడ్యూల్డ్ ప్రాంతాలకే పరిమితమై. మీరూ మేమూ ఒకటి కాదని వాళ్లు టీవీలో చెబుతుంటే, వచ్చినోళ్లు మీరు అని నేను స్టాఫ్‌రూములో అన్న మాట అటు తిరిగి నాకే వినిపించింది. అప్పుడు గానీ దాని పదును నాకు తెలియలేదు.

కర్ణాటకలో బేడలు, వాల్మీకులు జాబితాలో చేరిన మూడు దశాబ్దాలకు, 2022లో, ఎస్టీ కోటా మూడు శాతంనుంచి ఏడుకు పెరిగింది. అన్నేళ్లూ ఇరుకులో నలిగింది చిన్న తెగలే. వాటా పెంచకుండా మనుషులను పెంచితే జరిగేది అదే.

చెదిరినవాళ్లకు గొంతిచ్చే దారి ఎక్కడైనా ఉందా అని వెతికాను. న్యూజిలాండ్‌లో మూలవాసులైన మావోరీలకు 1867 నుంచి పార్లమెంటులో సొంత స్థానాలున్నాయి. ఇప్పుడు అక్కడా ఏడే. కానీ ఆ ఏడు నియోజకవర్గాలు దేశమంతటినీ కప్పుతాయి. మావోరీ ఓటరు ఏ మూల ఉన్నా ఏదో ఒకదాని కిందికి వస్తాడు, మావోరీ జాబితాలో ఉండాలో సాధారణ జాబితాలో ఉండాలో తనే ఎంచుకుంటాడు. ఆ జాబితాలో ఎంతమంది చేరితే స్థానాల సంఖ్య దాన్నిబట్టి మారుతుంది. చెదిరిన జనానికి గొంతు ఇవ్వడం అసాధ్యమేమీ కాదని తెలిసి నాకు కోపమొచ్చింది. అక్కడక్కడా చెదిరిన మా సుగాలీలకూ, యానాదులకూ, ఎరుకలకూ అలాంటి దారి ఎందుకు ఆలోచించలేదు మనం?

రిటైరైన రోజు లెక్కల సారు ఇంటికెళ్లి, ఆనాటి మాట తప్పని చెప్పాను. "అంతా మర్చిపోయినా సార్" అన్నాడు. మర్చిపోలేదని ఇద్దరికీ తెలుసు. కాసేపుండి, "మీవోళ్లకు రావల్ల సార్, నేను వద్దనను. ఉన్న ఏడులోంచే కాకుండా రావల్ల" అన్నాడు.

జనగణన దగ్గరపడింది, దాని వెనకే పునర్విభజన వస్తుంది. మొన్న మా సంఘం సమావేశంలో, అర్జీలో ఒక వాక్యం కలపమని అడిగాను. మమ్మల్ని చేర్చేముందు ఎస్టీల వాటానూ స్థానాలనూ పెంచాలి, మన్యం స్థానాలు మన్యంవాళ్లకే ఉంచాలి, తండాలకు సొంత పంచాయతీలివ్వాలి అని. సగంమంది అరిచారు. నువ్వు మా మనిషివా వాళ్ల మనిషివా అన్నాడు ఒక పెద్దాయన. నోటిఫికేషన్ పోగొట్టుకున్న కుర్రాడు, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి, లేచి ఆ వాక్యం మళ్లీ చదవమన్నాడు. చదివాను. కలపలేదు. వచ్చే నెల మళ్లీ సమావేశముంది, అదే కాగితం పట్టుకుని పోతున్నాను.