పిల్లల చేతికి పిండిముద్ద ఇవ్వండి

మా మనవరాలికి ఐదేళ్ళు. దాని ఆటసామాను పెట్టె నిండా అట్టడబ్బాలే. ప్రతి డబ్బా మీదా ‘మీరే చేసుకోండి’ అని ఉంటుంది. విప్పి చూస్తే లోపల ముందే కత్తిరించిన ముక్కలు, ముందే జిగురు పూసిన కాగితాలు, ఏది ఎక్కడ అంటించాలో అంకెలు వేసిన బొమ్మ. పిల్ల చేయాల్సిందల్లా నాలుగుచోట్ల వేలితో నొక్కడం. అరగంటలో అయిపోతుంది. ఫోటో తీస్తారు, గ్రూపులో పెడతారు, సాయంత్రానికి ఆ వస్తువు చెత్తబుట్టలో ఉంటుంది. దీన్ని ‘యాక్టివిటీ’ అంటున్నారు. వేసవి సెలవుల్లో ఇదే పని ఇంకొకరింట్లో కూర్చుని చేయించడానికి ఫీజులు కూడా కడుతున్నారు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది.

మా రోజుల్లో పిల్లల కోసం విడిగా ఏ పనీ పెట్టేవాళ్ళు కాదు. ఇంట్లో ఎలాగూ జరిగే పనిలోనే పిల్లలకో వాటా ఉండేది. నేను చెప్పదలుచుకున్నది అంతా ఇదే. ఆ వాటా తీసేసి, దాని బదులు డబ్బాలు కొనిస్తున్నారు.

గవ్వల సంగతే చూడండి. దివిసీమలో మా ఊళ్ళో సంక్రాంతి వారం ముందు నుంచీ పిండివంటలు మొదలయ్యేవి. అరిసెల పాకం దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవాళ్ళు కాదు, అది పెద్దాళ్ళ పని. గవ్వలు మాత్రం మావే. అమ్మ గోధుమపిండిలో కాస్త వెన్న, చిటికెడు ఉప్పు వేసి గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి పక్కన పెట్టేది. దాన్ని గోళీలంత ఉండలు చేయడం మొదటి పని. గీతలున్న గవ్వలపీట మీద ఉండ పెట్టి, బొటనవేలితో అదిమి ముందుకు తోస్తే పిండి తనంతట తనే చుట్టుకుని, వీపు మీద చారలతో గవ్వలా లేచేది. గవ్వలపీట ఇంటికి ఒకటే ఉండేది, అది అక్కకి. మా చిన్నవాళ్ళకి కొత్త దువ్వెనలు ఇచ్చేవాళ్ళు. దువ్వెన మీద కూడా చారలు చక్కగా పడతాయి.

మేం చేసినవి కొన్ని లావుగా, కొన్ని వంకరగా వచ్చేవి. అమ్మ వాటిని ఏరి పారేయలేదు, సరిచేయనూ లేదు. అన్నీ ఒకే మూకుడులో వేసింది. లావుగా ఉన్న గవ్వ లోపల సరిగ్గా వేగదు, పాకం పట్టాక కరకరలాడకుండా పంటికి పట్టుకుంటుంది. అది తిన్న పిల్ల మర్నాడు పలచగా నొక్కుతుంది. ఇక పాకం చూసే పని వచ్చేది, దానికోసం మాలో మేం కొట్టుకునేవాళ్ళం. చల్లటి నీళ్ళున్న పళ్ళెంలో అమ్మ నాలుగు చుక్కలు బెల్లం పాకం వేస్తే, దాన్ని నీళ్ళలోనే వేళ్ళతో దగ్గరకు తీయాలి. జారిపోతే ఇంకా కాలేదు. ఉండ అయితే “అయిందే” అని అరవాలి. అప్పుడే అమ్మ పొయ్యి మీంచి దించేది. ఇంటిల్లిపాదీ తినే వంట ఆరేళ్ళ పిల్ల మాట మీద దిగేదంటే, ఆ పిల్లకి ఎంత గొప్పగా ఉండేదో ఇప్పటి వాళ్ళకి ఎలా చెప్పను!

నాగుల చవితికి చలిమిడి, చిమ్మిలి. ఈ రెంటికీ అసలు పొయ్యే అక్కర్లేదు. నానిన బియ్యం వడకట్టి, తడి ఆరకముందే దంచి, బెల్లం కలిపితే చలిమిడి. నువ్వులూ బెల్లమూ కలిపి దంచితే చిమ్మిలి. రోకలి అమ్మది, ఉండ చుట్టడం మాది. నూనె వదిలిన నువ్వులపిండి అరచేతిలో మెరుస్తూ ఉంటే, ఉండ పళ్ళెంలోకి వెళ్ళేలోపు చెయ్యి నాకకుండా ఉండడమే కష్టం. పుట్టలో పాలు పోసేదాకా ఆగమని కళ్ళెర్రజేసేవాళ్ళు. వినాయక చవితికి ఉండ్రాళ్ళూ, పాలతాలికలూ మళ్ళీ పిల్లల చేతుల్లోంచే వచ్చేవి. తాలికలు పీట మీద పొడుగ్గా పామడంలో ఎవరిది తెగకుండా ఎంత పొడుగు వస్తుందో చూసుకునేవాళ్ళం.

చవితి అంటే మట్టి గుర్తొచ్చింది, మట్టి అంటే మా కాలువలు. కృష్ణ మీద ఆనకట్ట కట్టి 1855లో పని ముగిసింది. అప్పటినుంచీ డెల్టాలో కాలువలదొక లెక్క: తొలకరికి నీళ్ళు వదులుతారు, ఎండాకాలంలో కట్టేస్తారు. కట్టేశాక కాలువ అడుగున మెత్తటి ఒండ్రు మిగులుతుంది. ఆ ఒండ్రే మా వేసవి సెలవులు. దాంతో ఎడ్లు, రోళ్ళు, పొయ్యిలు, అత్తగారు, కోడలు, అన్నీ చేసేవాళ్ళం. ఎండలో పెడితే బొమ్మ పగిలి రెండు ముక్కలవుతుంది. నీడలో ఆరబెట్టాలి, మట్టిలో గుప్పెడు ఊక కలపాలి. ఈ ఉపాయం మాకు మా ఇంటి వెనక కుమ్మరి తాత చెప్పాడు.

చవితినాటికి కాలువ నిండుగా ఉంటుంది కాబట్టి, గట్టు మట్టో చెరువు మట్టో తెచ్చి ఇంట్లోనే వినాయకుణ్ణి చేసేవాళ్ళం. తొండం మూడుసార్లు ఊడేది, మూడుసార్లూ తడిచేత్తో అతికేవాళ్ళం. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని మార్గదర్శకాలు ఇచ్చింది, మంచి పనే. అప్పటినుంచీ మట్టి విగ్రహాల మాట ఎక్కువగా వినపడుతోంది, కూడళ్ళలో ఊరికే పంచుతున్నారు కూడా. సంతోషం. కానీ అచ్చులో పోసి తీసిన విగ్రహం పిల్ల చేతిలో పెడితే పిల్లకి ఏం మిగిలింది? విగ్రహం ఇచ్చే చోట రెండు గుప్పెళ్ళ మట్టి కూడా ఇవ్వమనండి. తొండం ఎలా నిలబెట్టాలో వాళ్ళే చూసుకుంటారు.

ముంజికాయల బండి పేరు చెబితే ఈ తరం పిల్లలు నా మొహం చూస్తారు. మూడు కళ్ళలోంచి ముంజెలు వేలితో తీసుకుని తిన్నాక బుర్ర మిగులుతుంది. ఒకే సైజువి రెండు ఎంచి, మధ్యలో పుల్ల గుచ్చితే ఇరుసూ రెండు చక్రాలూ సిద్ధం. పంగలకర్ర ఒకటి ఆ ఇరుసు మీద ఆనించి తోసుకుంటూ పోతే అది బండి. రెండుమూడు రోజులకి బుర్ర ఎండి బండి వంకరపోతుంది, అప్పటికి మళ్ళీ ముంజెలు తింటాం కదా. ఏప్రిల్, మే నెలల్లో బందరు రోడ్డు పొడుగునా ముంజెలు కోసి అమ్ముతారు. అమ్మేవాళ్ళ పక్కనే ఖాళీ బుర్రలు గుట్టలుగా పడి ఉంటాయి, పశువులు వచ్చి తింటుంటాయి. అక్కడే కారాపి, ముంజెలు పొట్లం కట్టించుకుని, బండి కొనడానికి బొమ్మల షాపుకి వెళ్ళే తల్లిదండ్రుల్ని నా కళ్ళతో చూశాను. రెండు బుర్రలు అడిగితే ఆ అమ్మేవాళ్ళు నవ్వుతూ ఇస్తారు. పుల్ల కూడా వాళ్ళే గుచ్చిపెడతారు, వాళ్ళూ చిన్నప్పుడు ఆడుకున్నవాళ్ళే.

కొబ్బరాకు బూర ఇంకా తేలిక. ఈనె తీసేసిన ఆకుని సన్నగా మొదలుపెట్టి వెడల్పుగా చుట్టుకుంటూ వచ్చి, చివర ఆ ఈనె ముక్కతోనే గుచ్చాలి. సన్నటి వైపు కాస్త నొక్కి ఊదితే వీధంతా వినపడుతుంది. అదే ఆకుతో గడియారం, కళ్ళజోడు, పాము. తాటాకుతో గాలికి తిరిగే గిలక, బొమ్మల పెళ్ళికి పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు. బచ్చలి పళ్ళు నలిపితే ఊదారంగు. పసుపులో తడిసున్నం కలిపితే ఎర్రటి పారాణి. పచ్చటిది తెల్లటిదాంతో కలిస్తే ఎర్రగా ఎందుకైందని పిల్లలు ఆరోజంతా అడుగుతూనే ఉంటారు. బెండకాయ అడ్డంగా కోసి ఆ రంగులో అద్ది కాగితం మీద ముద్ర వేస్తే పువ్వు. మన పెడనలో కలంకారీ పనివాళ్ళు టేకు అచ్చులతో బట్ట మీద చేసే పనికి ఇది పసిపిల్లల చేతికందే రూపం. ఒకసారి బెండకాయతో ముద్రలు వేసిన పిల్లని పెడన తీసుకెళ్ళి ఆ అచ్చులు చూపించండి, ఎంత శ్రద్ధగా చూస్తుందో.

మా ఇంట్లో పాత పేపర్లు అమ్మేవాళ్ళు కాదు. చింపి నీళ్ళలో నానేసి, మెత్తబడ్డాక నానిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బి గుజ్జు చేసేవాళ్ళు. బోర్లించిన గిన్నెకి ఆ గుజ్జు మెత్తి, ఎండబెట్టి ఊడదీస్తే కాగితం బుట్ట. మెంతులు బంకకి బంక, చేదుకి పురుగూ పట్టదు. పేపర్లు చింపడం మా వాటా, ఎన్ని గంటలు చింపినా తిట్టేవాళ్ళు లేరు. పేపర్ చింపితే శబాష్ అనిపించుకునే పని పిల్లలకి ఇంకెక్కడ దొరుకుతుంది?

కొండపల్లి బొమ్మల్ని అతికే మక్కు కూడా ఇలాంటి ఇంటి సరుకే: చింతగింజల పిండి, రంపపు పొట్టు. తెల్లపొణికి అనే తేలిక చెక్కని బాగా ఆరబెట్టి, ముక్కలు ముక్కలుగా చెక్కి, ఈ మక్కుతో అతికి రంగులు వేస్తారు. తాడిచెట్టు ఎక్కే మనిషి, అంబారీ ఏనుగు, దశావతారాలు. బెజవాడకి ఆ ఊరు కూతవేటు దూరం. సంక్రాంతి బొమ్మల కొలువులో పైమెట్ల మీద కొండపల్లి బొమ్మలు ఉండేవి, అడుగుమెట్టు మాకు వదిలేసేవాళ్ళు. అక్కడ మా ఒండ్రు ఎడ్లు, పళ్ళెంలో ఇసుక పోసి మెంతులు చల్లి మొలిపించిన పచ్చటి చేలు. పేరంటానికి వచ్చినవాళ్ళు కిందమెట్టు దగ్గర కూడా వంగి చూసేవాళ్ళు. భోగిమంటలో వేసే పిడకల దండా పిల్లలు చేసిందే. అపార్టుమెంట్లో పేడ ఎక్కడ తెస్తామంటారా, తేవద్దు. దాన్ని నేను అడగడం లేదు.

ముగ్గు మాత్రం అడుగుతాను. గుమ్మం ముందు స్టిక్కర్ ముగ్గు అంటించి దాని మీద చెప్పులు విప్పుతున్నారు. బియ్యప్పిండి పట్టుకుని చుక్కలు పెట్టడానికి జానెడు జాగా లేని ఫ్లాటు లేదు. చుక్కలు లెక్కపెట్టడం, వరస తప్పకుండా కలపడం పిల్లలకి లెక్కల పుస్తకం ముట్టుకోకుండానే వస్తాయి. ఆషాఢంలో గోరింటాకు కూడా అంతే. ఆకు దూయడం, కాస్త చింతపండు వేసి రుబ్బడం, పెట్టుకున్నాక చేతులు కదపకుండా కూర్చోవడం, పొద్దున్నే ఎవరిది ఎర్రగా పండిందో చూసుకోవడం. కోన్ తో పది నిమిషాల్లో పని అయిపోతుంది, నిజమే. ఆ తొందర ఎందుకని నా బాధ.

బడుల సంగతి ఎత్తితే నాకు ఆగదు. ఒకటో తరగతి పిల్లకి ‘ప్రాజెక్టు’ ఇస్తారు. రాత్రి పదింటికి తల్లి థర్మోకోల్ కోస్తూ ఉంటుంది, పిల్ల నిద్రపోతూ ఉంటుంది. అది కూడా కుదరనివాళ్ళకి రెడీమేడ్ ప్రాజెక్టులు షాపుల్లో వేలాడుతున్నాయి. మర్నాడు ఆ తల్లి పనికి పిల్లకి మార్కులు. 1937లో గాంధీగారు వార్ధాలో చేతిపని ద్వారా చదువు అన్నారు, ఆ పుణ్యాన మా బడిలో తకిలీ తిప్పేవాళ్ళం. నూలు తెగితే మేమే అతుక్కోవాలి. మరియా మాంటిసోరి 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయారు. ఆవిడ పద్ధతిలో పసిపిల్లల మొదటి పాఠాలు ఏమిటనుకున్నారు? గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోయడం, నీళ్ళు వంచడం, బల్ల తుడవడం, కూరగాయలు తరగడం. అన్నీ నిజమైన గిన్నెలు, పగిలే గాజు సామాను. మన బెజవాడలో కోటేశ్వరమ్మగారు 1955లోనే ఆ పద్ధతి పేరుతో బడి పెట్టారు. అంటే ఇటలీ నుంచి వచ్చిన ఆ మహాతల్లి చెప్పిందీ, చదువుకోని మా అమ్మ చేసిందీ ఒకటే. ఇప్పుడు ఆ పేరు బోర్డు మీద చూసి పిల్లని చేర్పించి, ఇంట్లో మాత్రం పిల్ల వంటగది గడప దాటితే కేకలేస్తున్నారు.

అన్నీ ఆ రోజుల్లోనే బాగున్నాయని నేను అనను. దంచడం, రుబ్బడం అన్నీ ఆడవాళ్ళ రెక్కల మీదే నడిచేవి. మగపిల్లాడు పిండి పట్టుకుంటే “ఆడంగివా” అని బయటికి తోలేవాళ్ళు. మా నాన్న మాతో కూర్చుని ఒక్క గవ్వ చుట్టిన పాపాన పోలేదు. మా అబ్బాయి ఆదివారం కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని చపాతీలు ఒత్తుతాడు. ఈ ఒక్క విషయంలో ఈ కాలమే నయం, ఎవరడిగినా చెబుతాను.

ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలకి తీరిక ఎక్కడిదని మా కోడలు అంటుంది. పండగ చేయమని నేను అనడం లేదమ్మా. నువ్వు చిక్కుడుకాయలు ఈనెలు తీసేటప్పుడు పిల్ల ముందు నాలుగు కాయలు పడేయి. మిక్సీలో నువ్వులూ బెల్లమూ రెండు తిప్పులు తిప్పి గిన్నె దాని ఒళ్ళో పెట్టు, అది ఉండలు చుట్టుకుంటుంది. చపాతీ పిండిలోంచి గుప్పెడు తీసి, ఒక కొత్త దువ్వెన ఇయ్యి. పొయ్యి దగ్గర మాత్రం నువ్వే ఉండు. పిండి కింద పడుతుంది, పడనీ. తుడిచే గుడ్డ కూడా దాని చేతికే ఇయ్యి. ఐదేళ్ళ పిల్లలకి తుడవడమంటే మహా ఇష్టం.